రాని బోల్టు ముందు ఎవరి మొహం?

ఒకరి ప్రాణం కాపాడటానికి చేసిన వస్తువు ఇంకొకరి చేతుల్లో పేలే వస్తువు కూడా అయితే, దాని ముందు ఎవర్ని నిలబెట్టాలి? నిలబెట్టే అధికారం ఎవరిది? నిలబడ్డవాడికి 'ఇప్పుడు కాదు, ఆగండి' అనే హక్కు ఉందా? ఈ ప్రశ్నలు నేను తత్వశాస్త్రం చదివి తెచ్చినవి కావు. పదో తరగతితో నా బడి అయిపోయింది. కార్ల స్టీరింగు నడిమధ్య ఉండే ఎయిర్‌బ్యాగు తీసేటప్పుడు, బోల్టు రాక దాని ఎదురుగా గంటల తరబడి నిలబడితే వచ్చిన ప్రశ్నలు. మీలో యూనివర్సిటీల్లో చదివే పిల్లలున్నారు. సంఘాల్లో తిరిగే అన్నలు, అక్కలు ఉన్నారు. బోల్టుకీ కులానికీ ఏం సంబంధం అని నవ్వొస్తే రానివ్వండి. చదివాక నవ్వండి.

నేను మాదిగోణ్ణి. తెనాలి దగ్గర పల్లె మాది. 1991 ఆగస్టులో చుండూరు జరిగాక మా నాయన నన్ను ఊళ్ళో ఉంచలేదు. "పొలంలో వంగితే వాళ్ళకే వంగాలి. పోయి ఇనుము కాడ వంగు" అని విజయవాడ ఆటోనగర్లో ఒక షెడ్డులో అప్పజెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కాడు. ఇనుముకి కులం లేదని మా నాయన నమ్మకం. నిజమే, ఇనుముకి లేదు. ఇనుము పట్టుకునే పద్ధతికి ఉంది. బండి కడగటం మాకు, గ్రీసు మాకు, లారీ కింద గోనెపట్టా వేసుకుని పడుకోవటం మాకు. సీట్లో కూర్చుని ఇంజను చప్పుడు విని 'దీనికి ఫలానా జబ్బు' అని చెప్పేది మేస్త్రి. పదేళ్ళు గడిచేసరికి నేను కూడా చప్పుడు విని చెప్పగలిగాను. అయినా బండి ఓనర్లు నేను చెప్పింది విని, తల తిప్పి మేస్త్రిని అడిగేవాళ్ళు, అంతేనా అని.

లారీల నుంచి కార్ల పనికి మారాక ఈ ఎయిర్‌బ్యాగు నాకు ఎదురైంది. మొదట్లో పెద్దోళ్ళ కార్లకే ఉండేది. 2019 జులై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవరు వైపు తప్పనిసరి చేశారు. 2022 వచ్చేసరికి పక్క సీటుకీ వచ్చింది. మంచిదే. కానీ ఆ కార్లు పాతబడతాయి కదా. పాతబడ్డ కారు కంపెనీ వర్కుషాపుకి పోదు, రోడ్డు పక్క రేకుల షెడ్డుకి వస్తుంది. అక్కడ విప్పేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

హారన్ కొట్టటానికి మీరు నొక్కే మూత ఉంది చూడండి, దాని వెనకాలే ఉంటది. మడతేసిన నైలాను సంచి, సంచి వెనక ఇనప డబ్బా, డబ్బాలో మందు. బండి గుద్దుకుంటే ఒక చిన్న కరెంటు దెబ్బ ఆ డబ్బాకి అందుతుంది. మందు అంటుకుంటుంది, గ్యాసు పుడుతుంది, సంచి ఉబ్బి మూతని చీల్చుకుని బయటికొస్తుంది. ఇదంతా సెకనులో ఇరవయ్యో వంతులో అయిపోతుంది. డ్రైవరు తల ముందుకి పడేలోపు దిండు సిద్ధంగా ఉండాలి కదా. బెల్టు పెట్టుకుని వెనక్కి కూర్చున్నవాడికి అది దిండే. దాని మీదికి వంగి పని చేసేవాడికి మాత్రం మొహం మీదికొచ్చే గుద్దు.

తియ్యటం మామూలుగా అయితే అరగంట పని. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పి పక్కకి కట్టెయ్యాలి. విప్పీ విప్పగానే చెయ్యి పెట్టకూడదు. యాక్సిడెంట్లో బ్యాటరీ తీగ తెగినా సంచి పనిచెయ్యాలని లోపల కొంచెం కరెంటు దాచుకునే ఏర్పాటు ఉంటుంది. అది దిగిందాకా కూర్చోవాలి. ఒక్కో కంపెనీ ఒక్కో లెక్క చెబుతుంది. నేను పది నిమిషాలు కూర్చుంటా, గడియారం చూసి. తర్వాత స్టీరింగు పావు చుట్టు తిప్పితే చిల్లులోంచి బోల్టు కనపడుతుంది. అటొకటి, ఇటొకటి. చాలా కార్లలో నక్షత్రం గుంట ఉన్న బోల్టు, టి-30 బిట్టు పడుతుంది. కొన్నిట్లో బోల్టే ఉండదు, తీగ స్ప్రింగు ఉంటుంది. సన్న స్క్రూడ్రైవరు చిల్లులో దూర్చి స్ప్రింగుని నెడితే మూత 'టక్'మని ముందుకొస్తుంది. ఇంకో రకం బోల్టు మర విడిచినా బయటికి రాదు, చిల్లులోనే ఊగుతూ ఉంటుంది. దాన్ని చేసిందే అట్లా. ఆ సంగతి ఎవరూ చెప్పనివాడు ఇంకా రాలేదనుకుని పొద్దుగూకిందాకా తిప్పుతూనే ఉంటాడు.

ఇదంతా సాఫీగా వచ్చినప్పటి సంగతి. షెడ్డు సంగతి తెలిసేది బోల్టు రానప్పుడు.

ఎందుకు రాదంటే, అదిరి ఊడకుండా ఫ్యాక్టరీలోనే కొన్ని బోల్టుల మరకి జిగురు పూస్తారు. దాని మీద మన కోస్తా గాలికి తుప్పు. అన్నిటికంటే పెద్ద జబ్బు, ఇంతకుముందు విప్పినవాడు. వాడి దగ్గర స్టార్ బిట్టు ఉండదు. ఆలెన్ కీ దూర్చి బలం పెడతాడు. నక్షత్రం అంచులు అరిగి గుంట గుండ్రమైపోతుంది. ఇక సరైన బిట్టు పెట్టినా జారుతుంది, జారిన ప్రతిసారీ ఇంకొంచెం అరుగుతుంది. వేరే చోట మొండి బోల్టు అయితే మా దగ్గర వైద్యాలు చాలా ఉన్నాయి. గ్యాసు పెట్టి కాలుస్తాం. ఉలి పెట్టి సుత్తితో కొడతాం. డ్రిల్లు వేసి తలకాయ లేపేస్తాం. ఇక్కడ మూడూ కూడదు. కారు తగలబడితే ఆ వేడికి డబ్బాలో మందు తనంతట తానే అంటుకునేట్టు ఏర్పాటు చేసి ఉంటారు. గ్యాసు మంట దగ్గరికి తెస్తే, అది మేస్త్రి మంటో ఇల్లు కాలే మంటో దానికేం తెలుసు? అంటే బలం పనికిరాని చోటు ఇది. షెడ్డంతా నడిచేది బలం మీద, తొందర మీద.

2014 ఎండాకాలంలో ఒక పెద్ద కారు వచ్చింది. నేను అప్పుడు పనిచేసే షెడ్డు పేరు చెప్పను, ఆ ఒక్క షెడ్డులోనే జరిగే సంగతి కాదిది. హారన్ మోగదు, ఎయిర్‌బ్యాగు లైటు ఆరదు. స్టీరింగు లోపల చుట్టలాగా ఉండే క్లాక్ స్ప్రింగు తెగింది. అది మార్చాలంటే ఎయిర్‌బ్యాగు తియ్యాలి. ఎడమ బోల్టు వచ్చింది. కుడిది జారింది. ఓనరు నాలుగింటికల్లా కారు కావాలన్నాడు, పెళ్ళికి పోవాలంట.

మేస్త్రి రెండుసార్లు తిప్పి చూశాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు. "ఒరేయ్, ఇటు రారా" అని హెల్పరు పిల్లోణ్ణి పిలిచాడు. వాడికి పదహారేళ్ళుంటాయి. "సీట్లో కూర్చో. ఉలి పెట్టి కొట్టు. రాకపోతే గ్యాసు తెప్పిస్తా." ఆ మాట చెప్పి పోయి ఫ్యాను కింద నిలబడ్డాడు. నేను పక్క కారు బానెట్లో తల పెట్టి ఉన్నా. తల బయటికి తీసి చూశా. ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో ఇప్పుడడిగినా సుద్దముక్కతో గీసి చూపిస్తా. కారు కొన్నాయన రోడ్డు మీద చెట్టు కింద, ముప్పై అడుగుల అవతల ఫోనులో. షెడ్డు పెట్టినాయన అద్దాల గదిలో, ఇరవై అడుగులు. పని తెలిసినాయన ఫ్యాను కింద, పది అడుగులు. ఏమీ తెలియని పిల్లోడి మొహం ఆ మూతకి జానెడు దూరంలో.

ఊళ్ళో మనల్ని దూరం పెడతారు. బావి కాడ దూరం, గుడి కాడ దూరం, హోటల్లో గ్లాసు దూరం. ఆ దూరం గురించి మనం చాలా రాశాం, ఇంకా రాయాలి. కానీ ప్రమాదం ఉన్నచోట మాత్రం మనల్ని అందరికంటే దగ్గరగా పెడతారు. చచ్చిన గొడ్డు దగ్గర, పాకీదొడ్డి దగ్గర, మ్యాన్‌హోల్ దగ్గర, కాటి దగ్గర మనకంటే దగ్గరగా ఇంకెవరూ ఉండరు. అంటరానితనానికి ఈ రెండో కొలత కూడా ఉంది. మొదటి కొలతలో అడుగులు లెక్కపెడతారు, దీంట్లో జానలు.

ఆ పిల్లోడు మాలపల్లె నుంచి వచ్చాడు. నాది మాదిగపల్లె. 1994లో దండోరా మొదలైన కాడ్నించి వర్గీకరణ కావాలని అరిచిన గొంతు నాది, ఇప్పటికీ నా మాట అదే. కానీ ఉలి చేతికిచ్చేటప్పుడు మేస్త్రి ఎవడు ఏ పల్లె అని అడగలేదు.

"మేస్త్రిగారూ, కొట్టనియ్యొద్దు. నేను తీస్తా" అన్నా.

"ఎంతసేపట్లో?"

"అది వచ్చినప్పుడు."

"మీవోళ్ళకి ధైర్యం ఎక్కువ కదరా, నువ్వేంది ఇట్టా పిరికోడివయ్యావు?"

ఈ ధైర్యం అనే మాట దగ్గర కాసేపు ఆగుతా. పాముని పట్టాలంటే మీవోళ్ళకి ధైర్యం. కరెంటు స్తంభం ఎక్కాలంటే మీవోళ్ళు మొండోళ్ళు. అర్ధరాత్రి శవానికి కాపలా పడుకోవాలంటే మీకు భయం ఉండదు కదా. పొగిడినట్టే ఉంటుంది. చిన్నప్పుడు నేను కూడా ఛాతీ విరిచేవాణ్ణి. తర్వాత తెలిసింది, ఆ మెప్పు మనకి కూలీలో కలిపి ఇచ్చే చిల్లర అని. ఇదే ధైర్యం ఊరి చెరువులో నీళ్ళు ముంచుకుంటే పొగరు అవుతుంది. ఎవడి పని కోసం చేస్తే ధైర్యం, ఎవడి కోసం చేస్తే పొగరు అనేది వాళ్ళు తేలుస్తారు. కాబట్టి ఆ రోజు పిరికోడు అన్న మాటని నేను కాదనలేదు. పిరికితనం కూడా మనిషి హక్కే. కలిగినోళ్ళ పిల్లలకి అది పుట్టుకతో ఉంటుంది, దానికి జాగ్రత్త అని పేరు. మన పిల్లలు దాన్ని సంపాదించుకోవాలి.

పిల్లోణ్ణి సీట్లోంచి దించా. నేను కూడా సీట్లో కూర్చోలేదు. తలుపు బార్లా తీసి, పక్కన మోకాలి మీద నిలబడి, చెయ్యి మాత్రమే లోపలికి పెట్టా. పిన్నీసుతో గుంటలో మట్టి, తుప్పు పొడి గీకి తీశా. తుప్పు నూనె ఒక చుక్క వేసి అరగంట వదిలేశా. వాల్వులు రుద్దే పేస్టు ఉంటది కదా, గరుకుగా, అది బిట్టు కొసకి రాశా, జారకుండా పట్టు కోసం. బిట్టు కొత్తది, అంచులు అరగనిది, బజారు నుంచి నా డబ్బుతో తెప్పించా. అరచేతితో నిలువుగా నొక్కిపట్టి, విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పా. తర్వాత విప్పే వైపు. మళ్ళీ బిగించే వైపు. మళ్ళీ చుక్క నూనె. మళ్ళీ ఊరకే కూర్చోవటం. మొండి బోల్టు దగ్గర సగం పని కూర్చోవటమే. చూసేవాళ్ళకి అది పని లాగా కనపడదు. షెడ్డు ఓనరు అద్దంలోంచి చూసి, వీడు ఖాళీగా కూర్చున్నాడు అనుకున్నాడు. నాలుగు ముప్పావుకి 'కిర్'మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు విన్నాక ఏ కచేరీ వినబుద్ధి కాదు.

మూత ముందుకి లాగి పసుపుపచ్చ క్లిప్పు లాకు లేపి ఊడదీశా. ఎయిర్‌బ్యాగు తీగలకి పసుపు రంగే వేస్తారు, జాగ్రత్త అని. తీసినదాన్ని మూత వైపు ఒంటికి దూరంగా ఉండేట్టు పట్టుకుని నడిచి, బల్ల మీద మూత పైకి ఉండేట్టు పెట్టా. బోర్లా పెట్టకూడదు. బోర్లా పెడితే, పేలినప్పుడు ఆ ఇనప డబ్బా ఇంటి కప్పుకి ఎగురుతుంది. దాని మీద ఏమీ పెట్టకూడదు. ఇవన్నీ పిల్లోడికి చూపిస్తూ చేశా. మేస్త్రి కూడా దగ్గరికొచ్చి చూశాడు. కారు పెళ్ళికి ఆలస్యమైంది. ఆ రోజుకి నా కూలీలో సగం కోశారు.

సగం కూలీ పోయిందని రాయటం లేదు. షెడ్డు ఓనరు కూలీ ఇస్తూ అన్న మాట కోసం రాస్తున్నా. "అది పేలే అవకాశం వెయ్యిలో ఒకటి కూడా ఉండదయ్యా. దానికింత రాద్ధాంతమా?" న్యాయంగా చెప్పాలంటే ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. బ్యాటరీ తీసి, కరెంటు దిగిందాకా ఆగితే ఊరికే అదిరినంతమాత్రాన ఎయిర్‌బ్యాగు పేలదు. రోజూ ఎన్నో చోట్ల విప్పుతున్నారు, ఏమీ కావటం లేదు. భయపెట్టటం నా ఉద్దేశం కాదు. కానీ వెయ్యిలో ఒకటి కూడా లేదన్నాయన ఆ ఒకటి లేనిచోటికి వచ్చి ఎందుకు నిలబడలేదు? ప్రమాదం చిన్నది అని ఎవరు చెబుతున్నారో, వాళ్ళు ఎంత దూరం నుంచి చెబుతున్నారో చూడాలి. తన మొహానికి సంబంధించిన వెయ్యిలో ఒకటి, ఎదుటివాడి మొహానికి సంబంధించిన వెయ్యిలో ఒకటి లెక్కల పుస్తకంలో సమానమే. షెడ్డులో కాదు. నా ప్రాణాన్ని నేను పణం పెట్టుకోవటం నా ఇష్టం అనొచ్చు. నీ పెళ్ళి భోజనం వేళకి నా ప్రాణాన్ని నువ్వు పణం పెట్టటం ఏ నీతి?

ఇంకో సంగతి. ఈ ఎయిర్‌బ్యాగు ఆలోచన ఎట్లా పుట్టిందో తర్వాత తెలిసి నాకు మనసు కదిలింది. అమెరికాలో జాన్ హెట్రిక్ అని ఒక ఇంజనీరు. 1952లో పెళ్ళాం, కూతురితో కారులో పోతుంటే కారు గుంటలోకి దిగింది. ముందు సీట్లో మధ్యన పిల్ల. పిల్ల ముందుకి పడి గుద్దుకోకుండా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చేతులు అడ్డం పెట్టారు. చేతులకి బదులు ఒక దిండు వచ్చి అడ్డం పడితే? అని ఆలోచించి 1953లో పేటెంటు తీసుకున్నాడు. అంటే దీని మూలం బిడ్డకి అడ్డం పెట్టిన చెయ్యి. ఆ చెయ్యి నుంచి మొదలైన వస్తువు మన షెడ్డుకి వచ్చేసరికి ఒక బిడ్డనే దానికి అడ్డం పెట్టాం.

వస్తువులో మంచి ఉన్నంతమాత్రాన అందరికీ మంచి అందదు. 1990లలో అమెరికాలో ఎయిర్‌బ్యాగుల వల్లే కొందరు చనిపోయారు, చిన్న చిన్న గుద్దుళ్ళలో కూడా. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పిల్లలు, పొట్టిగా ఉండి స్టీరింగుకి దగ్గరగా కూర్చునే ఆడవాళ్ళు. ఎందుకంటే అప్పటి నిబంధన ప్రకారం ఆ సంచి బలాన్ని కొలిచింది బెల్టు పెట్టుకోని సగటు మగవాడి బొమ్మతో. మగవాడి బరువుని ఆపేంత బలం పిల్లకి తగిలితే ఏమవుతుంది? 1997లో నిబంధన మార్చి బలం తగ్గించుకోనిచ్చారు. ఎవరి ఒంటిని కొలతగా పెట్టుకున్నాం అనేది ఇంజనీర్లు ఒక్కళ్ళే తేల్చుకునే సంగతా? మనువు కూడా ఒక కొలతే పెట్టాడు.

జపాను కంపెనీ టకాటా సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. డబ్బాలో అమ్మోనియం నైట్రేటు వాడింది. ఏళ్ళ తరబడి వేడికి, గాలిలో తేమకి ఆ మందు చెడిపోయి, పేలినప్పుడు ఇనప డబ్బానే ముక్కలై మనిషికి గుచ్చుకుంది. అమెరికాలోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. ప్రపంచమంతా కోట్ల కార్లు వెనక్కి పిలిచారు, మన దేశంలో కూడా. 2017లో ఆ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది, అదే ఏడాది దివాలా తీసింది. నేను పట్టించుకున్నది ఇంకో చావు. 2016 ఆగస్టులో టెక్సాసులోని కెమాడో దగ్గర ఆ కంపెనీ సామాను మోసుకుపోతున్న లారీ పేలిపోయింది. పక్కన ఇంట్లో ఉన్న ఒకామె చనిపోయింది. ఆమె ఆ రోజు ఏ కారులోనూ కూర్చోలేదు. ఇంట్లో ఉంది. డ్రైవరు ప్రాణం, పక్క సీటు ప్రాణం లెక్కలోకి వస్తాయి. చేసేవాడు, మోసేవాడు, విప్పేవాడు, దారిపక్కన కాపురం ఉండేవాడు ఏ సీటులో ఉన్నట్టు?

చదువు సంగతి కూడా చెప్పాలి. ఎయిర్‌బ్యాగు దగ్గర ఒక చీటీ అంటించి ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది. వర్కుషాపు మాన్యువల్ ఇంగ్లీషులోనే ఉంటుంది, అదీ మేస్త్రి సొరుగులో తాళం కింద ఉంటుంది. పిల్లోడికి ఉలి ఇచ్చారు గానీ లోపల మందు ఉందని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే మేస్త్రి "చెబితే భయపడి చెయ్యడు" అన్నాడు. ఎంత నిజాయితీగా చెప్పాడో చూడండి! తెలిస్తే చెయ్యడు కాబట్టి తెలియనివ్వకూడదు. వేదం చెవిన పడితే సీసం పొయ్యమన్న బుద్ధికీ దీనికీ నాకు పెద్ద తేడా కనపడలేదు. ఏకలవ్యుడి గురించి మనవాళ్ళు చాలా రాశారు, నేను మళ్ళీ రాయను. బిట్టు నిలువుగా పట్టి తిప్పటానికి బొటనవేలు కావాలి, అంతవరకు గుర్తుచేస్తా.

అంబేద్కర్ కులనిర్మూలనలో పని పంచుకోవటం వేరు, పని చేసే మనుషుల్ని మెట్లుమెట్లుగా విడగొట్టటం వేరు అని 1936లోనే తేల్చాడు. నా మటుకు నేను షెడ్డులో ఒక చిన్న సంగతి గమనించా. అక్కడ పనినే కాదు, పని గురించిన ఎరుకని, ఆ పనిలోని ప్రమాదాన్ని కూడా పంచుతారు. ఎరుక పై మెట్టుకి పోతుంది, ప్రమాదం కింది మెట్టుకి వస్తుంది. రెండూ ఒకే మనిషి దగ్గర ఎప్పుడూ ఉండవు. ఉంటే ఆ మనిషి కాసేపు ఆలోచిస్తాడు.

ఆ పేస్టు, ఆ నూనె, ఆ ఆగటం నాకు ఎవరు నేర్పారంటే మా తాత. ఆయనకి కారు తెలియదు. చెప్పులు కుట్టేవాడు. తోలు మొండికేస్తే ఆరెతో పొడవకూడదని, తడిపి గుడ్డ కప్పి పెట్టమని చెప్పేవాడు. "తోలు నీ మాట వినదురా, నువ్వే దాని మాట వినాలి" అనేవాడు. తంగేడు చెక్క నీళ్ళలో తోలు నానే రోజులు ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు, ఒకరోజు తగ్గినా ఒప్పుకునేవాడు కాదు. ఇట్లా రాశానని నేను లందని కీర్తిస్తున్నాననుకోవద్దు. ఆ వాసన నాకు తెలుసు, ఆ వాసన పట్టుకుని బళ్ళో నన్ను ఏమని పిలిచారో కూడా తెలుసు. కులవృత్తికి సాటి లేదు అనే పాటలు పాడేవాళ్ళు ఎప్పుడూ లందలో చెయ్యి పెట్టనివాళ్ళే. తాత పనిని నేను వదిలేశా, మళ్ళీ పట్టను. తాత బుర్రని మాత్రం ఎందుకు వదలాలి? ఆ బుర్రకి ఏ ఐటీఐ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

మొన్నామధ్య ఒక మీటింగులో ఈ సంగతులు చెబితే ఒక స్టూడెంటు లేచి అడిగాడు: "అన్నా, అంత ప్రమాదమైతే మనవాళ్ళు ఆ పని చెయ్యటమే మానెయ్యాలి కదా?" మంచి ప్రశ్న. గొడ్డు మొయ్యం అని మనవాళ్ళు మానేశారు, డప్పు కొట్టం అని మానేశారు, దెబ్బలు తిన్నారు, గెలిచారు కూడా. కానీ ఇక్కడ నేను మానేస్తే ఒడిశా నుంచి వచ్చిన ఇంకో పిల్లోడు ఆ సీట్లో కూర్చుంటాడు. వాడికి తెలుగులో చెప్పినా అర్థం కాదు. మానటం నా ఒక్కడి బయటపడటం అవుతుంది. నాకు కావాల్సింది ఇంకోటి. ఎవడి మొహం దాని ముందు ఉందో వాడి మాటే చివరి మాట కావాలి. ఎప్పుడు ఆపాలో, ఎంతసేపు ఆగాలో, ఇక ఇవాళ వద్దు అని ఎప్పుడు అనాలో వాడే చెప్పాలి. డబ్బు ఇచ్చేవాడు కాదు, తొందర ఉన్నవాడు కాదు. మనుషుల చేత పాకీ పని చేయించకూడదని 1993లో ఒక చట్టం వచ్చింది, రక్షణ లేకుండా మురుగు గుంటల్లోకి మనుషుల్ని దించకూడదని 2013లో ఇంకోటి. గుంటలో చచ్చిపోతే కుటుంబానికి పది లక్షలు ఇవ్వమని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. అవసరమే, కాదనను. కానీ దిగేవాడు గుంట అంచున నిలబడి 'దిగను' అంటే ఆ రోజు కూలీ వాడికి ఎవరు ఇస్తారు? చచ్చాక వచ్చే ముప్పై లక్షల మీద నాకు గొడవ లేదు. బతికుండగా కోసిన సగం కూలీ మీదే నా గొడవ.

తప్పించిన ప్రమాదం ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. నేను సొంత షెడ్డు పెట్టుకున్నాక ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారి వచ్చాడు. యాక్సిడెంట్ కారు. ఎయిర్‌బ్యాగు అప్పటికే పేలిపోయింది. పేలిన సంచి బోల్టులు వంకరపోయి రావటం లేదు, ఎట్లయినా తీసి ఖాళీ మూత అతికించమన్నాడు. లైటు వెలగకుండా లోపల చిన్న రెసిస్టరు పెట్టమన్నాడు. అది పెడితే కారు బుర్ర సంచి ఉందనే అనుకుంటుంది, లైటు ఆరిపోతుంది. కొత్త ఎయిర్‌బ్యాగు ఖర్చు మిగులుతుంది. "కొనేది ఎవరు?" అని అడిగా. "ట్యాక్సీ తిప్పుకునే పిల్లోడు ఎవడో" అన్నాడు. అప్పు చేసి కారు కొని, ఎయిర్‌బ్యాగు ఉందనుకుని రాత్రీ పగలూ తిప్పే పిల్లోడు ఎవరి ఇంటివాడై ఉంటాడో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. వంకర బోల్టులు తీసి ఇచ్చా. రెసిస్టరు పెట్టను, లైటు వెలుగుతూనే ఉంటది అని చెప్పా. ఆ వ్యాపారి మళ్ళీ రాలేదు. ఆయన దగ్గర నెలకి నాలుగైదు కార్ల పని ఉండేది. ఆ పని ఇప్పుడు పక్క వీధిలో జరుగుతోంది, రెసిస్టర్లతో సహా.

నా షెడ్డులో ఇద్దరు పిల్లోళ్ళున్నారు. ఎయిర్‌బ్యాగు కారు వచ్చిందంటే ముందు లోపల ఏముందో నాకు చెప్పి, తర్వాతే పానా పట్టుకోవాలి. తెలుగులో రాసిన అట్ట ఒకటి గోడకి తగిలించా. పెద్ద పిల్లోడు తప్పులు దిద్దాడు, నా అక్షరాలు బాగుండవు. ఈ వారం ఒక తెల్ల కారు లోపల నిలబడి ఉంది. ఎడమ బోల్టు వచ్చింది, కుడిది గుండ్రమైపోయి ఉంది. పేస్టు పనిచెయ్యలేదు. పట్టు ఎక్కువుండే బిట్టు ఒకటి హైదరాబాదులో దొరుకుతుందంటే చెప్పి పంపా. బండి ఓనరు రోజుకి రెండుసార్లు ఫోను చేస్తున్నాడు. పిల్లోడే ఎత్తుతున్నాడు. "రాలేదు సార్. రేపు బస్సు పార్శిల్లో బిట్టు వస్తది. వచ్చాక చూస్తాం" అంటున్నాడు. నిన్న ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. పిల్లోడు మాత్రం, "అట్టా కుదరదు సార్" అని ఫోను పెట్టేసి, టీ తేవటానికి పోయాడు.